ఏ రీలు వెయ్యాలి

మూడింటికి తలుపు తెరుస్తామన్నారు, ఇప్పుడు రెండూ పదయింది, కెమెరా ఇంకా ఖాళీగానే ఉంది. ఒళ్ళో సంచి, ఎడమ జేబులో మూడు స్లయిడ్ రీళ్ళు, కుడి జేబులో మూడు నెగటివ్ రీళ్ళు, నా చెయ్యి అటోసారి ఇటోసారి పోతోంది, వేళ్ళకి చెమట, చెమట చేత్తో రీలు ముట్టుకోవద్దని ఇరవై ఏళ్ళుగా కొత్తవాళ్ళకి చెబుతున్నది నేనే. మాది నలభై ఏడో నంబరు బల్ల. తెల్లగుడ్డ, నాలుగు గ్లాసులు, పళ్ళెంలో ఆపిల్ పళ్ళు, ఎదురుగా ఖాళీ కుర్చీలు. హాలు నిండా ఇలాంటి బల్లలే, ప్రతి బల్ల దగ్గరా మెడలో పేరు చీటీ వేలాడేసుకున్న ముసలివాళ్ళు, పక్కన కొడుకో కూతురో, అందరి చూపూ ఆ ఒక్క తలుపు మీద. మా అమ్మ మాత్రం తలుపుకి జానెడు పక్కనున్న పూలకుండీ వైపు చూస్తోంది. తలుపు కనపడాలంటే అమ్మ పూలకుండీని చూడాలి. నాలుగేళ్ళ క్రితం అమ్మ చూపుకి నడిమధ్యన ఒక బూడిదరంగు మచ్చ పడింది, అది పెరుగుతూ పోయింది, ఇప్పుడు అంచులు తప్ప ఏమీ మిగల్లేదు. మనిషైతే జుట్టు, చెవులు, భుజాలు కనపడతాయట, మొహం ఉండాల్సిన చోట పొగ. "నీ గొంతు బట్టి నీ మొహం ఊహించుకుంటున్నానే గుమ్‌హీ," అంది ఒకసారి, నవ్వుతూనే అంది, నేను మాత్రం లేచి వంటింట్లోకి పోయి చాలాసేపు కుళాయి తిప్పి నిలబడ్డాను.

ఇంకాసేపట్లో ఆ తలుపులోంచి వచ్చేది సున్‌దొక్ పిన్ని. అమ్మ చెల్లెలు. అమ్మకి పధ్నాలుగు, పిన్నికి అయిదు, ఉత్తరానికీ దక్షిణానికీ యుద్ధం మొదలైన ఏటి డిసెంబరు, తాతయ్య అమ్మని వెంటబెట్టుకుని ఉత్తరాన హుంగ్‌నమ్ రేవులో ఓడ ఎక్కాడు. పిన్నికి జ్వరం, అమ్మమ్మ దగ్గర వదిలేశారు, పది రోజుల్లో వచ్చేద్దాం కదా అనుకున్నారు. ఆ పది రోజులు యాభై మూడేళ్ళయ్యాయి. సరిహద్దుకి ఇవతల, దక్షిణాన, సొక్చో ఊళ్ళో అమ్మ చేపలు ఎండబెట్టింది, పెళ్ళి చేసుకుంది, నన్ను కంది, మొగుణ్ణి సాగనంపింది, అవతల పిన్ని ఏం చేసిందో తెలీదు. ఇప్పుడు రెండు ప్రభుత్వాలూ కలిసి వంద కుటుంబాలకి చీటీలు తీస్తే అమ్మ పేరు వచ్చింది. మూడు రోజులు, మొత్తం కలిపి పదకొండు గంటలు, ఇదే మొదలు, ఇదే ఆఖరు. చీటీ వచ్చిన రోజు అమ్మ నాతో అన్న మొదటి మాట, "నా కళ్ళ సంగతి దానికి చెప్పావంటే చూడు. ఇన్నేళ్ళకి కనపడి, గుడ్డిదాన్నయ్యానని ఏడిపించాలా దాన్ని?" రెండో మాట, "ఫొటో తియ్యి. గోడమీద వేసే రకం." ఎందుకంటే మొన్న కొత్త సంవత్సరం పండక్కి నేను స్టూడియోలో మూలనపడ్డ స్లయిడ్ ప్రొజెక్టరు తెచ్చి గోడమీద మా ఊరి రేవు బొమ్మ వేశాను, గోడంత రేవు, అమ్మ పక్కకి తిరిగి కూచుని ఓరగా చూస్తూ ఒక్కసారిగా, "ఆ నీలం తాడు కట్టిన పడవ ఎవరిదే?" అంది. నాలుగేళ్ళలో అమ్మ ఒక తాడు రంగు చెప్పడం అదే మొదటిసారి. అంటే చెల్లెలు చెయ్యి చాచినంత దూరంలో కూచున్నా అమ్మకి కనపడదు. కనపడాలంటే ఆమెని గోడంత చేసి నేను ఇంటికి పట్టుకుపోవాలి.

అందుకని స్లయిడు. మరి కుడి జేబులో నెగటివ్ ఎందుకు తెచ్చినట్టు? భయపడి తెచ్చాను. సియోల్ ఊళ్ళో చుంగ్‌మురోలో మా స్టూడియో ఓనరు ర్యూ గారు నేను బయల్దేరే ముందు కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి మరీ చెప్పారు. "ఇంకో మాట లేదు, నెగటివే వేసుకో. వెలుగు రెండింతలు ఎక్కువ పడినా అది ఓర్చుకుంటుంది, నాలుగింతలు పడినా ఎక్కడో ఓ మొహం మిగులుస్తుంది. స్లయిడు అత్తగారమ్మా. కాస్త తేడా వచ్చిందా, మొహం మాడ్చుకుని కూచుంటుంది, మళ్ళీ జన్మలో పలకదు." గోడమీద వేయాలండీ అంటే, "నెగటివ్‌ని స్కాన్ చెయ్యి, రంగు సరిచెయ్యి, దాన్నుంచి మళ్ళీ స్లయిడు చేయిద్దాం, మెషీను ఉంది కదా, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. అప్పుడది నేను వేసిన రంగవుతుంది కదండీ అన్నాను. "ఇరవై ఏళ్ళుగా ఈ సియోల్ ఊళ్ళో సగం మంది పెళ్ళికూతుళ్ళకి రంగు నువ్వే వేస్తున్నావుగా, మీ పిన్ని ఏం పాపం చేసింది?" అని నవ్వారు. అదే నా బాధ. నెగటివ్ అంటే నారింజరంగు పీలిక, అందులో తలకిందులైన రంగులు, స్కానరు దాన్ని తిరగేసి ఇస్తుంది, బుగ్గ ఎంత ఎరుపు, జుట్టు ఎంత తెలుపు అన్నది కుర్చీలో కూచున్న నేను తేల్చాలి. పెళ్ళికూతురైతే మళ్ళీ వస్తుంది, పోల్చుకోవచ్చు, లేదా ఇంకో పెళ్ళికూతురిని చూసి వేసేయొచ్చు. యాభై మూడేళ్ళు ఏ ఎండలో ఏ గాలికి ఎలా కమిలిందో తెలియని బుగ్గకి నేనేం రంగు వెయ్యను? స్లయిడైతే పడింది పడినట్టు ఉంటుంది. వెలుతురుకి ఎత్తి చూస్తే అదే మనిషి. స్కాన్ చేసినా ఎదురుగా పెట్టుకుని ఇదీ అదీ ఒకటేనా అని చూసుకోవచ్చు. పడకపోతే మాత్రం ఏమీ ఉండదు. టైము రెండూ ఇరవై రెండు.

అమ్మ దగ్గర ఒక ఫొటో ఉంది, తాతయ్య కోటు జేబులో ఓడ దాటి వచ్చింది, అగ్గిపెట్టెంత. అమ్మమ్మ ఒళ్ళో పిన్ని. మడత సరిగ్గా పిల్ల మొహం మీదుగా పడి బుగ్గా నోరూ చెదిరిపోయాయి. అమ్మ కళ్ళు ఇంకా బాగున్న రోజుల్లో, అమ్మ అరవయ్యో పుట్టినరోజుకి, నేను దాన్ని స్కాన్ చేసి, నెలరోజులు రోజూ పని అయ్యాక కూచుని, ఆ మడత చెరిపాను. లేని బుగ్గ పెట్టాను. ఆ చివర ఈ చివర మిగిలిన ముక్కల్ని బట్టి నోరు గీశాను, చిన్న నవ్వు వచ్చింది, ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను, పెద్దది చేసి ఫ్రేము కట్టించి తీసుకెళ్ళాను. అమ్మ చేతులు తుడుచుకుని ఫ్రేము అందుకుంది. చూసింది. చాలాసేపు చూసింది. "ఈ పిల్లెవరు?" అంది. పిన్నే కదమ్మా. "మా సున్‌దొక్ కాదిది. ముద్దుగా ఉంది. ఎవరి పిల్లో." ఫ్రేముని గోడకేసి తిప్పి పెట్టింది, తిట్టలేదు, సాయంత్రం అన్నం దగ్గర మాత్రం, "ఆ చిరిగిందే ఇచ్చెయ్యి నాకు, అందులో అదుంది," అంది. అప్పటినుంచి నా వేళ్ళంటే నాకే అనుమానం. సరిచెయ్యడం నా పని, అదే నాకు అన్నం పెట్టింది, కానీ అమ్మ చెల్లెలి మొహం మీద మాత్రం నా వేలు పడకూడదు.

మరయితే స్లయిడే వెయ్యి, ఇంకేం ఆలోచన? టైము రెండూ నలభై ఒకటి. నాన్న. నాన్న అరవయ్యో పుట్టినరోజుకి నేను వేసింది స్లయిడే. నాకు పాతికేళ్ళు, పనిలో కొత్త, గొప్ప కోసం స్లయిడ్ వేశాను, పండ్లూ పిండివంటలూ గోపురాల్లా పేర్చిన బల్ల వెనక పండగ బట్టల్లో, తెల్ల పట్టు హన్‌బోక్‌లో నాన్న, మధ్యాహ్నం ఎండ. పళ్ళ రంగులు చూస్తే ఇప్పటికీ నోరూరుతుంది. నాన్న మొహం మాత్రం తెల్లకాగితం. ముక్కు నీడ ఒక గీతలా ఉంది, అంతే. ఆ ఏడు తిరక్కుండానే నాన్న పోయాడు. స్కానర్లు వచ్చాక మొదట నేను వేసి చూసింది ఆ స్లయిడే. ఎంత ముదురు చేసినా, ఎంత లోతుకి దింపినా, తెలుపు బూడిదరంగు అయిందే తప్ప అందులోంచి నాన్న రాలేదు. స్లయిడులో తెల్లబోయిందంటే అక్కడ గాజులాంటి ఖాళీ, మెషీను చదవడానికేమీ ఉండదు. నెగటివ్ అయితే నాన్న ఉండేవాడు. రంగు తప్పో ఒప్పో, ఉండేవాడు. ఈ మాట ర్యూ గారికి కూడా చెప్పలేదు నేను.

రెండు కెమెరాలుంటే ఈ గొడవే లేదు. ర్యూ గారు తనది ఇచ్చారు, బస్సెక్కే ముందు రోజు చూస్తే దాని షట్టరు పడనంది. ఒక్క కెమెరా, ఒక్క మొదటి నిమిషం. తర్వాత ఎన్ని రీళ్ళైనా మార్చుకోవచ్చు, ఆ తలుపులోంచి వచ్చేటప్పుడు, ఒకళ్ళనొకళ్ళు పోల్చుకునేటప్పుడు లోపల ఏ రీలుంటే అదే. పైన దీపాల గుత్తులు పసుపు, గోడ వెంట ట్యూబులు ఆకుపచ్చ, కిటికీకి దళసరి పర్దా, ఈ వెలుగులో స్లయిడు వేసేవాడికి బుద్ధుందా? నెగటివ్ తీశాను. పొట్లం చించాను. కెమెరా వెనక తలుపు తెరిచాను. పక్కబల్ల తాతగారు కొడుకుని మళ్ళీ అడుగుతున్నారు, "వచ్చేశారా?" "రాలేదు నాన్నా, మూడింటికి." "తమ్ముడికి ఎడం చెవి కింద పుట్టుమచ్చ, గుర్తుందిగా నీకు?" "నేనెప్పుడు చూశాను నాన్నా!" అమ్మ అది విని నవ్వింది, నవ్వి, నా మోచెయ్యి వెతికి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "ఏమే, పెట్టావా లోపల?" "పెడుతున్నా." "ఏది?" అమ్మకి ఈ తేడాలు తెలుసనుకోలేదు. "ఏదైతే ఏమమ్మా." "మొన్న ఫోనులో మీ ఓనరుతో వాదిస్తుంటే విన్నాను. ఒకటి తప్పులు కాస్తుంది, ఒకటి కాయదు, అంతేనా?" అంతేనన్నాను. అమ్మ కాసేపు పూలకుండీ కేసి చూసింది. "నువ్వు నీ తప్పుకి భయపడుతున్నావు. నేను దాన్ని చూడనే లేనేమోనని భయపడుతున్నాను. నీ ఇష్టం మరి." నెగటివ్ మళ్ళీ కుడి జేబులో పడేశాను. స్లయిడు డబ్బా మూత రాలేదు, గోరు విరిగింది, మూత ఎగిరి బల్లకింద పడింది, రీలు గాడిలో కూచోబెట్టి ఫిల్ము కొస లాగి చక్రానికి తగిలిస్తుంటే తలుపు తెరుచుకుంది. మూడు కాలేదింకా. రెండూ యాభై ఆరు.

హాలంతా ఒక్కసారి లేచింది. కుర్చీలు పడ్డాయి, ఎవరో "అన్నా!" అని అరిచారు, ఆ అరుపుతో నూరు అరుపులు, నేను కెమెరా వెనక తలుపు వేలితో నొక్కి మూస్తూ నిలబడ్డాను, మొదటి నిమిషం నా కళ్ళముందే పోతోంది, గులాబీరంగు హన్‌బోక్‌లో ఒక పొట్టి మనిషి బల్లల నంబర్లు వేలుపెట్టి చదువుకుంటూ వస్తోంది, నలభై మూడు, నలభై అయిదు, మొహమంతా ముడతలు, బుగ్గలు గోధుమరంగు కాదు, ఎండలో ఎర్రబారిన ఇటుక రంగు, ఈ రంగు నాకు ఎప్పటికీ తట్టేది కాదు. "గిల్‌న్యో అక్కా?" అమ్మ లేచింది. చేతులు చాచింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు, ఊగారు, ఏడ్చారు, నేను ఒక్క ఫొటో తియ్యలేదు. తీయగలిగీ తియ్యలేదో, చేతులు ఆడలేదో నాకిప్పటికీ తెలీదు.

కూచున్నాక పిన్ని అమ్మ మొహంలోకి చూసింది. అమ్మ ఓరగా తిరిగి, పిన్ని భుజం అవతల ఎక్కడో చూస్తోంది. పిన్ని కొంచెం జరిగింది. అమ్మ ఇంకా పక్కకి తిరిగింది. అలా రెండు మూడు సార్లయ్యాక పిన్ని అమ్మ చెయ్యి వదిలేసింది.

"నా మొహం చూడవేంటక్కా?" గొంతు మారిపోయింది. "నన్ను వదిలి పోయింది నువ్వు. మొహం తిప్పుకోవాల్సి వస్తే నేను తిప్పుకోవాలి. నువ్వు తిప్పుకుంటావేంటి?"

నేను నోరు తెరవబోతే అమ్మ బల్లకింద నా కాలు తొక్కింది. తొక్కి, తనే చెప్పింది. "తిప్పుకోవట్లేదే పిచ్చిదానా. ఎదురుగా చూస్తే నువ్వు కనపడవు. నా కళ్ళు పోయాయి. మధ్యన పోయాయి. పక్కన కాస్త మిగిలింది, దాంతో వెతుక్కుంటున్నాను నిన్ను."

పిన్ని లేచి తన కుర్చీ ఈడ్చుకుంటూ బల్ల చుట్టూ వచ్చింది. "ఇక్కడ?" "ఊహూ." "ఇక్కడ?" "కొంచెం వెనక్కి. జుట్టు కనపడుతోంది... తెల్లగా అయిపోయిందే!" "నీది నల్లగా ఉందా ఏంటి? ఇక్కడ?" "అక్కడే, కదలకు." అప్పుడు అమ్మ మెడ తిప్పకుండా నన్ను పిలిచింది. "గుమ్‌హీ. ఇప్పుడు తియ్యి."

స్లయిడు కదా, దూరంనుంచి నొక్కి వదిలేయడానికి లేదు. లైట్ మీటరు పట్టుకుని వెళ్ళి, "పిన్నీ, ఒక్కసారి," అని ఆమె బుగ్గకి ఆనించాను. తడిగా ఉంది బుగ్గ. "ఇదేంటి, నాకు జ్వరం చూస్తోందా మీ అమ్మాయి?" "వెలుగెంతుందో చూస్తోందిలే." ముల్లు లేవలేదు. చాలదు. ఈ వెలుగులో తీస్తే నాన్నది తెల్లబోయినట్టు ఈమెది నల్లబోతుంది, కళ్ళు రెండు గుంటలవుతాయి. కిటికీ మూడడుగుల దూరంలో ఉంది. పర్దా దగ్గర కాపలా కాస్తూ నల్లసూటు అబ్బాయి నిలబడ్డాడు. కాస్త తీస్తారా అన్నాను. "తీయడానికి లేదండీ," అన్నాడు మర్యాదగానే. కుడి జేబులో నెగటివ్ ఉంది, ఈ వెలుగు దానికి చాలు, రెండు నిమిషాలు. చెయ్యి జేబులోకి పోయింది కూడా.

"ఏయ్ అబ్బాయ్," అంది పిన్ని. సంతలో కేకేసినట్టు అంది. "మా అక్కకి కళ్ళు లేవు. నన్ను బొమ్మలో చూసుకోవాలి. నువ్వు నాకు కొడుకులాంటివాడివి, మీ అమ్మకే కళ్ళు లేకపోతే పర్దా మూసేస్తావా?" అతను అటూ ఇటూ చూశాడు. పర్దా ఒక బారెడు జరిపి, చేతులు వెనక్కి కట్టుకుని, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. సెప్టెంబరు వెలుగు పిన్ని మీద పడింది. మళ్ళీ బుగ్గకి మీటరు పెట్టాను. ముల్లు లేచింది. ఊపిరి బిగబట్టి నొక్కాను. వెలుగు అర మెట్టు పెంచి నొక్కాను. తగ్గించి నొక్కాను. పిన్ని నవ్వలేదు, సర్దుకోలేదు, అమ్మ కదలొద్దంది కాబట్టి కదలకుండా కూచుంది, కన్నీళ్ళు కూడా తుడుచుకోలేదు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం సొక్చోలో కిటికీలకి దుప్పట్లు కట్టాను. తలుపులోంచి వస్తున్న పిన్ని ఏ రీల్లోనూ లేదు. మొదటి రీల్లో ముప్పై ఆరింట్లో పదిహేడు నల్లగా పోయాయి, పదకొండు తెల్లబోయాయి, మిగిలినవాటిలో పిన్ని ఎటో చూస్తోంది, ఒక్కటి, ఒకే ఒక్కటి ఉన్నదున్నట్టు పడింది. తర్వాత రోజుల్లో తీసిన నెగటివ్ రీళ్ళు రెండూ నిక్షేపంగా వచ్చాయి, ర్యూ గారు చూసి నేను చెప్పలేదా అన్నారు. ఆ ఒక్క స్లయిడునీ ముందు స్కాన్ చేసి భద్రం చెయ్యి, ఆ తర్వాతే ప్రొజెక్టర్లో పెట్టు, దాని దీపం వేడికి రంగులు వెలిసిపోతాయి, ఒక్కోసారి ఫిల్మే ఉబ్బుతుంది అని కూడా చెప్పారు. నాకు తెలియనిదా. స్టూడియోలో స్కానరు దగ్గర క్యూ వారం రోజులుంది. అమ్మ రోజూ ఫోను చేసి వచ్చిందా అంది, నాలుగో ఫోనుకి నేను స్లయిడు జేబులో పెట్టుకుని బస్సెక్కేశాను.

గోడంత పిన్ని. ఇటుకరంగు బుగ్గలు, ముడతల్లో ఆరని తడి, గులాబీరంగు మెడపట్టీ. అమ్మ చాప మీద పక్కకి తిరిగి కూచుని ఓరగా చూసింది. లేచింది. గోడ దగ్గరికి వెళ్ళింది, తన నీడ చెల్లెలి మొహం మీద పడుతుంటే పక్కకి జరిగింది, మళ్ళీ వెనక్కొచ్చింది, ఇటు కూచుంది, అటు కూచుంది. ఒక్కో ముక్కా వెతుక్కుంది. ప్రొజెక్టరు ఫ్యాను రొద, కాలిన దుమ్ము వాసన. రెండు నిమిషాలు. మూడు. నా వేలు స్విచ్చి మీదుంది. స్కాన్ చెయ్యలేదింకా, ఇదొక్కటే ఉంది, ఇంకో నిమిషమైతే ఎరుపు పోవడం మొదలవుతుంది, అమ్మా, ఇక ఆపేస్తాను, రేపు సరిగ్గా భద్రం చేసి మళ్ళీ చూపిస్తాను అనబోయాను.

"ముసలిదైపోయిందే!" అంది అమ్మ. ఆశ్చర్యంగా, కోపంగా, ఎవరో తనకి చెప్పకుండా ఆ పని చేసినట్టు. "గుమ్‌హీ, చూడవే, నా చెల్లెలు ముసలిదైపోయింది." అని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గోడకి దగ్గరగా, ఓరగా, మళ్ళీ చూడటం మొదలుపెట్టింది. నేను స్విచ్చి మీదనుంచి వేలు తీసేశాను.